అపర్ణలో ఆకు ఉందా? ఆడపిల్లకు మొక్కల పేర్లు

ప్రశ్న: పాపకు చెట్టుకో పువ్వుకో సంబంధించిన పేరు వెతుకుతున్నాం. శిరీష, అపర్ణ, నళిని దగ్గర ఆగాం. పర్ణం అంటే ఆకే కదా, అపర్ణ కూడా ఈ వరసలోకి వస్తుందా?

జవాబు: రాదండి. మొదటి ‘అ’ ఆ ఆకును లేకుండా చేస్తుంది. తపస్సులో పార్వతి తమంతట తాము రాలిన ఆకులు తినడం కూడా మానేసిందనీ, అందుకే అపర్ణ అన్నారనీ కుమారసంభవం ఐదో సర్గలో కాళిదాసు చెబుతాడు. అది మొక్క పేరు కాదు, పట్టుదల పేరు.

మీ శిరీష కూడా ఆ సర్గలోనే ఉంది. తపస్సు వద్దని వారిస్తూ తల్లి మేన అనే మాట ఇది: ‘పదం సహేత భ్రమరస్య పేలవం శిరీషపుష్పం న పునః పతత్రిణః’. దిరిసెన పువ్వు తుమ్మెద మోపిన మెత్తని అడుగును ఓర్చుకుంటుంది గానీ పక్షి అడుగును ఓర్చలేదు. ఆ పువ్వు చూసినవారికి పోలిక ఎంత కచ్చితమో తెలుస్తుంది. అందులో కంటికి ఆనేది రేకులు కాదు, దారాల్లాంటి కేసరాల కుచ్చు. తల్లి కంటికి శిరీషంలా కనిపించిన పిల్లే తరవాత అపర్ణ అయింది! మొక్క పేరే కావాలంటే మాత్రం శిరీష.

మరో జవాబు: నళినికి ‘తామరపువ్వు’ అని అర్థం రాసేస్తుంటారు. పువ్వు నళినం. నళిని అంటే తామరతీగ, లేదా తామరలు నిండిన కొలను. పద్మిని, కమలిని కూడా అంతే. కుముదిని కలువలది. సరోజ, నీరజ, జలజల్లో ‘జ’ పుట్టినదని చెబుతుంది. వనజను అడవిలో పుట్టినదిగానే అనుకుంటారు గానీ, వనం అంటే నీరు కూడా. తామర అనే అర్థం అక్కడినుంచి వచ్చింది.

సంస్కృతం నుంచి వచ్చిన పువ్వుల మాటలు తెలుగులో చాలావరకు సున్నతో ముగుస్తాయి: శిరీషం, వకుళం, కుసుమం. ఆడపిల్ల పేరుకు ఆ సున్న తీసేస్తాం. తీశాక ఒకసారి వాక్యంలో పెట్టి పలకండి. పాటలం, అంటే కలిగొట్టు పువ్వు, అందమైన మాటే. కానీ ‘పాటల పుస్తకం’ అంటే అమ్మాయి పుస్తకమా, పాటలున్న పుస్తకమా? పాటలి అంటే ఈ చిక్కు లేదు. మాలతి, మంజరి, వల్లరిలాంటివి ‘కి, తో, ని’ చేరినా చక్కగా నిలుస్తాయి.

ఇంకొకరు: పేరు వెనక ఏ శ్లోకం ఉందో కూడా చూడండి. కింశుక వినసొంపుగా ఉంటుంది, మోదుగ పువ్వు ఎర్రగా మండుతున్నట్టుంటుంది. కానీ చదువుకున్నవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది ‘విద్యాహీనా న శోభంతే నిర్గంధా ఇవ కింశుకాః’. చదువు లేనివారు వాసన లేని మోదుగ పూలలా రాణించరని. ఆ పోలికను పిల్ల జీవితాంతం మోయాలి. నేనైతే పెట్టను.

ఇంగ్లీషు అక్షరాల్లో రాయించే ముందు కూడా ఆలోచించండి. లతకు హెచ్ చేర్చకపోతే దక్షిణాదిలో ‘లట’ అని చదవవచ్చు, చేరిస్తే ఉత్తరాదిలో ‘లథ’ అవుతుంది. ల, ళ తేడా పోతుంది కనుక నళిని కాస్తా నలిని అవుతుంది. మొగ్గ అని కలిక పెడితే కాళిక అని చదివే వీలుంది, రెండింటికీ అవే అక్షరాలు.

ప్రశ్న: సంస్కృతం కాకుండా తెలుగు పేరు ఏదైనా?

జవాబు: మొల్ల. సంస్కృతంలో కుందం, మల్లెజాతి తెల్లపువ్వు. తెలుగులో రామాయణం రాసిన కవయిత్రి పేరు కూడా. జాజి అచ్చతెలుగులా వినిపిస్తుంది గానీ ‘జాతి’కి తద్భవం. మొల్లను పిలిచేటప్పుడు ‘ల్ల’ ఒత్తు తేలిపోకూడదు, తేలిపోతే ‘మొల’ అయిపోతుంది.