వసుధార జలపాతం (బద్రీనాథ్ దగ్గర): వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

భద్రకాళి_బండ్:
జూన్ మొదట్లో అమ్మానాన్నలతో బద్రీనాథ్ వెళ్తున్నాం. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్. వసుధారకు కూడా పోవాలని ఉంది కానీ అమ్మకు మోకాళ్ల నొప్పులు. మన బొగత జలపాతం లాగా వానలు పడ్డాక జూలైలో పోతే ఇంకా బాగుంటుందేమో అంటున్నారు నాన్న.

కాజీపేట_జంక్షన్:
జూలై వద్దు తమ్మీ. బొగతకు, కుంతాలకు వాన కావాలి, వసుధారకు ఎండ కావాలి. పైన కొండల్లో మంచు కరిగి వచ్చే నీళ్లవి, అందుకే మన కుంతాల సన్నబడే రోజుల్లో కూడా అక్కడ ధార ఉంటుంది. వానాకాలంలో రిషికేశ్ నుంచి పోయే రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి బండ్లు ఎక్కడివక్కడే ఆగిపోతాయి. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ మాత్రం ముందే చేయించుకోండి.

మంచిర్యాల_అక్క:
అమ్మను బద్రీనాథ్ దగ్గరి మానా ఊరు దాటి భీమ్‌పుల్ (సరస్వతి నది మీది బండరాయి వంతెన) వరకు మెల్లగా నడిపించు. సరస్వతి నది బండల మధ్య నుంచి దూకే హోరుకు పక్కనోళ్ల మాట కూడా వినపడదు, అది చూస్తే చాలు తృప్తి పడతారు. ఆ తర్వాత వసుధారకు దాదాపు 5 కిలోమీటర్ల ఎక్కుడు. మానాయే 3,200 మీటర్ల ఎత్తులో ఉంది, మోకాళ్ల కంటే ఊపిరితోనే కష్టం. మా అత్తమ్మను భీమ్‌పుల్ దగ్గరే కూర్చోబెట్టి పోయాం. బద్రీనాథ్ చేరిన రోజే ఎక్కొద్దు. దారిలో కొట్లు ఉండవు, తిండి, నీళ్లు మోసుకుపోవాలి.

ములుగు_బాటసారి:
నీళ్లు దాదాపు 400 అడుగుల నుంచి పడుతూ గాలికి మధ్యలోనే తుంపరైపోతాయి. పాపం చేసినవాళ్ల మీద ఆ నీళ్లు పడవని అక్కడి నమ్మకం. మా పెద్దనాన్న మీద చుక్క పడకపోయేసరికి మొహం వాడిపోయింది, గాలి ఇటు తిరిగేదాకా అక్కడి నుంచి కదల్లేదు, తడిశాక చేతులెత్తి మొక్కాడు. పెద్దవాళ్లకు గాలి సంగతి ముందే చెప్పండి, ఉత్తగా మనసు కష్టపెట్టుకుంటారు. ఇంకోటి, జూన్‌లో కూడా ధార కింద గట్టి మంచు మిగిలి ఉండొచ్చు. అడుగున నీళ్లు పారి లోపల బోలుగా ఉంటుంది, దాని మీద అసలు ఎక్కొద్దు, ఫొటో కోసమైనా సరే.

కాజీపేట_జంక్షన్:
పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకుంటాయి, ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి వాగులూ పెరుగుతాయి.

భద్రకాళి_బండ్:
అమ్మానాన్న భీమ్‌పుల్ దగ్గర ఉంటారు, నేనూ చెల్లె పోతాం. ఉన్ని టోపీలు వరంగల్‌లోనే కొనాలా అక్కా?

మంచిర్యాల_అక్క:
దారికి ఒక జత చాలు. మానాలో ఆడవాళ్లు ఇళ్ల ముందే కూర్చుని అల్లి అమ్ముతారు, మిగతావి వాళ్ల దగ్గర కొనండి.