జార్జియా రాజధాని టిబిలిసిలో మెస్ పెట్టాలనుకుంటున్న మిత్రులకు

ఇక్కడి వైద్య విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన పిల్లలను నమ్ముకొని ఆంధ్రా భోజనాల మెస్ తెరవాలన్న మీ ఆలోచన బాగానే ఉంది. అయితే జార్జియాలో వ్యాపారం చాలా సులువని కొందరు చెప్పే మాటను సగమే నమ్మండి. వ్యాపార సౌలభ్యంపై ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 2020 నివేదికలో ఈ దేశానిది 7వ స్థానమన్నది నిజమే. ప్రభుత్వ సేవలు ఒకేచోట అందించే పబ్లిక్ సర్వీస్ హాల్‌కు పాస్‌పోర్టు, చిరునామా వాడుకోవడానికి ఇంటి యజమాని సమ్మతి పత్రం పట్టుకెళ్తే నమోదు చకచకా అయిపోతుంది. కష్టాలు ఆ తరువాతే మొదలవుతాయి.

నమోదు పత్రం చూపినంత మాత్రాన ఏ బ్యాంకూ ఖాతా తెరవదు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని గుచ్చి గుచ్చి అడుగుతారు, కారణం చెప్పకుండా తిరస్కరించే సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల మన దేశంలోని బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు సిద్ధం చేసుకోండి. ఖాతా చేతికి వచ్చేదాకా దుకాణానికి అడ్వాన్సు ఇవ్వకండి. 2026 మార్చి 1 నుంచి విదేశీయులకు పని అనుమతి తప్పనిసరి అయింది; సొంతంగా వ్యాపారం చేసుకొనేవారికీ అది వర్తిస్తుంది.

పన్ను 1 శాతమేనని అందరూ ఊరిస్తారు. చిన్న వ్యాపార హోదా పొందిన వ్యక్తికి ఏడాదికి 5 లక్షల లారిల (లారి జార్జియా కరెన్సీ) అమ్మకాల వరకు అది నిజమే కానీ, ఏ 12 నెలల్లోనైనా అమ్మకాలు లక్ష లారిలు దాటితే 18 శాతం వ్యాట్‌కు నమోదు కావాలన్న సంగతి ఎవరూ ఎత్తరు. నెలకు 300 లారిల చొప్పున 40 మంది తిన్నారనుకోండి, తొమ్మిదో నెలలోనే ఆ గీత దాటతారు. మెస్ ధర నిర్ణయించే ముందే ఈ లెక్క వేసుకోవాలి, ఎందుకంటే మధ్యలో ధర పెంచితే పిల్లలు పక్క మెస్‌కు పోతారు. పచ్చళ్లు, పొడులు కూడా అమ్మదలిస్తే ప్యాకెట్ మీద జార్జియన్ భాషలో లేబుల్ ఉండాలి. జార్జియన్ చదవగల అకౌంటెంటుకు ఇచ్చే జీతం దండగ అనుకోవద్దు.

అసలు చిక్కు వేసవి సెలవులు. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు, అద్దె మాత్రం ఆగదు. పైగా దాన్ని డాలర్లలో మాట్లాడుకోవడం ఇక్కడ మామూలే కాబట్టి లారి పడిపోతే ఆ భారమూ మీదే. సెలవు నెలలకు సగం అద్దె, మొత్తం లారిల్లోనే చెల్లింపు అని ఒప్పందంలో రాయించుకోండి. యజమాని ససేమిరా అంటే ఇంకో గది చూసుకోండి.