వైల్డర్‌నెస్ అంటే అడవి మూసేసినట్టేనా? సైకిల్ పిటిషన్ మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న (ఇస్సాక్వా నుంచి):

అందరికీ నమస్కారం. మేం సియాటిల్ వైపు వచ్చి కొన్నాళ్ళే అయింది. మా అబ్బాయికి పదమూడేళ్ళు, మౌంటెన్ బైక్ అంటే ప్రాణం. మొన్న శనివారం స్నో లేక్ దారి మొదట్లో కారు మీంచి సైకిళ్ళు దింపాక బోర్డు చూశాం. ఇది ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్, సైకిళ్ళు నిషేధం అని ఉంది. వాడి మొహం చూడలేకపోయాను. ఇంతలో మా ఆఫీసు సైకిల్ బృందంలో ఒక పిటిషన్ తిరుగుతోంది. ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్‌లో కొత్తగా వైల్డర్‌నెస్ చేసే బిల్లు ఉందట, పాసైతే దారులన్నీ మూసేస్తారట, అందరూ సంతకం పెట్టాలట. ప్రభుత్వ అడవి అంటే మనందరిదీ కదా, అందులోకి మనల్నే రానివ్వకపోతే ఎలా? ఇంకో సంగతి: వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. నాన్నగారు చక్రాల కుర్చీలోనే తిరుగుతారు. ఆయన్ని కూడా ఆపేస్తారా?

జవాబు:

ముందు నాన్నగారి సంగతి చెప్తానండి. ఆయన్ని ఎవరూ ఆపరు. ఇంట్లో వాడుకునే మామూలు చక్రాల కుర్చీ వైల్డర్‌నెస్‌లోకి తీసుకెళ్ళొచ్చని 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే రాశారు. కాకపోతే స్నో లేక్ దారి నిండా రాళ్ళు, కుర్చీ కదలదు. అదే స్నోక్వాల్మీ పాస్ దగ్గర గోల్డ్ క్రీక్ పాండ్ చుట్టూ చదునైన దారి ఉంది, సుమారు మైలు. అది నేషనల్ ఫారెస్టే గానీ వైల్డర్‌నెస్ కాదు. కొండలన్నీ అక్కణ్ణించి ఎదురుగా కనిపిస్తాయి.

ఇక అసలు విషయం. వైల్డర్‌నెస్ అంటే రోడ్లు, మోటార్లు లేకుండా ఉంచాలని అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేసి గీత గీసిన ప్రభుత్వ నేల. మన నల్లమలలో పులుల కోర్ ఏరియా చూసినవాళ్ళం కాబట్టి ఇక్కడ కూడా అలాగే గేటు వేస్తారని అనుకుంటాం. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. సలేశ్వరం జాతరకు చైత్ర పున్నమి వేళ కొద్ది రోజులు వదిలితే వెళ్ళాలి. ఇక్కడ అలా కాదు. నడిచేవాళ్ళకు ఏడాది పొడుగునా తలుపులు తెరిచే ఉంటాయి. వేసవిలో దారి మొదట్లో డబ్బాలో ఉన్న ఉచిత పర్మిట్ కాగితం మీరే నింపి, ఒక ముక్క డబ్బాలో వేసి, రెండోది దగ్గర ఉంచుకుని వెళ్ళిపోవడమే. టెంటు వేసుకుని పడుకోవచ్చు, గుర్రం మీద వెళ్ళొచ్చు, స్కీలు, పడవలు కూడా సరే.

ఆపింది మోటార్లను, చక్రాలను. 1964 సెప్టెంబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వైల్డర్‌నెస్ చట్టం రోడ్లు, మోటారు బళ్ళు, మోటారు పనిముట్లు, యాంత్రిక రవాణా వద్దంది. పిల్లల్ని కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్ కూడా అందులోకే వస్తుంది, బిడ్డను వీపున మోసుకెళ్ళొచ్చు. డ్రోన్ ఎగరేయడం, దించడం కుదరదు. మన తెలుగు సంఘాల పిక్నిక్‌లు పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: ఆల్పైన్ లేక్స్‌లో ఒక గుంపులో పన్నెండు మందికి మించకూడదు. పాతిక మంది వెళ్ళాలనుకుంటే వేరువేరు దారులు చూసుకోండి.

మరో సభ్యుడు:

అన్నా, ఒక్క మాట. గుర్రం తొక్కితే దారి పాడవదు, సైకిల్ తొక్కితే పాడవుతుందా? వాన పడ్డాక గుర్రాలు తిరిగిన దారి చూడండి, మడమ లోతు గుంటలు. ఇంజను లేని సైకిల్‌ను మోటార్ల లెక్కలో వేయడం అన్యాయం కాదా?

జవాబు:

మీ కోపంలో న్యాయం ఉంది తమ్ముడూ. బురదలో గుర్రం చేసే నష్టం తక్కువేం కాదు. చరిత్ర కూడా కొంత మీ వైపే ఉంది. 1964 చట్టంలో సైకిల్ అనే మాటే లేదు. 1966లో ఫారెస్ట్ సర్వీస్ (ఇక్కడి కేంద్ర అటవీ శాఖ) రాసుకున్న నిబంధనల్లో యాంత్రిక రవాణా అంటే ప్రాణం లేని శక్తితో నడిచేది అన్నట్టు ఉంది. సైకిళ్ళు కూడదని నిబంధనల్లో తేల్చి చెప్పింది 1984లో, అప్పటికి మౌంటెన్ బైక్ మార్కెట్‌లోకి వచ్చేసింది. దీన్ని మార్చడానికి 2016లో యూటా సెనేటర్లు మైక్ లీ, ఆరిన్ హ్యాచ్ బిల్లు పెట్టారు, 2017లో ప్రతినిధుల సభలో టామ్ మెక్లింటాక్ పెట్టారు. ఏదీ చట్టం కాలేదు.

అయినా నేను ఆ మార్పుకు వ్యతిరేకం, కారణం దారి కోత కాదు, దూరం. కాలినడకన రెండు రోజులు పట్టే లోయకు సైకిల్ మీద ఒక్క పూటలో వెళ్ళొచ్చేయొచ్చు. దూరం తగ్గిన కొద్దీ జనం పెరుగుతారు, ఎలుగులు, కొండమేకలు ఇంకా లోపలికి జరగాలి. జరగడానికి ఎంత చోటుందని? అలాస్కా పక్కన పెడితే మిగతా దేశం మొత్తంలో వైల్డర్‌నెస్ మూడు శాతం కూడా లేదు. ఆ కాస్త నేల మన కాళ్ళ వేగంతోనే ఉండనివ్వడం నాకు సబబుగా అనిపిస్తుంది.

దానికి నడిచేవాళ్ళం కూడా మూల్యం చెల్లిస్తున్నాం. లోపల మోటారు రంపం వాడకూడదు కాబట్టి గాలివానకు పడ్డ చెట్లను ఇద్దరు రెండు వైపులా పట్టుకుని లాగే పొడవాటి రంపంతోనే కోస్తారు. ఒకరు లాగుతుంటే రెండోవారు వదులుగా పట్టుకోవాలి, తోస్తే రేకు వంగి బిగుసుకుంటుంది. మాను బరువుకు కోత మూసుకుపోతుంటే మధ్యలో ఆగి ప్లాస్టిక్ వెడ్జ్‌లు దిగ్గొట్టాలి. రంపపు పొట్టు నూడుల్స్‌లా పొడుగ్గా రాలుతుంటే పళ్ళు బాగా పదునున్నట్టు. మోటారు రంపం నిమిషాల్లో చేసే పనికి గంట పడుతుంది. అందుకే కొన్ని దారులు జులై దాటినా చెట్లు అడ్డంగా పడి ఉంటాయి, తిట్టుకోకండి.

ప్రశ్న (ఇస్సాక్వా నుంచి):

చాలా విషయాలు తెలిశాయండి. మరి పిటిషన్ సంగతి? పెట్టమంటారా, వద్దంటారా?

జవాబు:

వద్దంటాను. అలాగని ఊరుకోమనీ అనను. వైల్డర్‌నెస్ కావాలా వద్దా అన్న గొడవలో సైకిల్ వాళ్ళు ఎప్పుడూ నష్టపోయారు. వైల్డర్‌నెస్ సరిహద్దు గీత ఎక్కడ గీయాలి అన్న చర్చలో కూర్చున్నప్పుడు గెలిచారు.

కొలరాడోలో హెర్మోసా క్రీక్ చూడండి. సైకిల్ వాళ్ళు, వేటగాళ్ళు, పర్యావరణ సంఘాలు, పశువుల రైతులు ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర మాట్లాడుకున్నారు. 2014 డిసెంబర్‌లో రక్షణ బడ్జెట్ బిల్లులో కలిసి చట్టం వచ్చేసరికి సుమారు 37,000 ఎకరాలు వైల్డర్‌నెస్ అయింది, దాని పక్కన సుమారు 70,000 ఎకరాలు ప్రత్యేక నిర్వహణ ప్రాంతం. పేరున్న సైకిల్ దారి ఆ రెండో దాంట్లో ఉండిపోయింది. మన ఆల్పైన్ లేక్స్‌కు సుమారు 22,000 ఎకరాలు కలిపింది కూడా అదే బిల్లులోనే.

మరుసటి ఏడాది ఐడహోలో కథ వేరు. బౌల్డర్-వైట్ క్లౌడ్స్‌లో 2,75,000 ఎకరాలకు పైగా మూడు వైల్డర్‌నెస్‌లయ్యాయి. క్యాజిల్ డివైడ్, యాంట్స్ బేసిన్ దారుల్లో అప్పటిదాకా సైకిళ్ళు తిరిగేవి. 2015 ఆగస్టులో ఒబామా సంతకంతో అవి పోయాయి. అక్కడి సైకిల్ వాళ్ళ బాధ నిజమైనదే, నేను కాదనను. ఒకసారి కాంగ్రెస్ చట్టం చేశాక రేంజర్‌ను బతిమాలినా లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ ఉండదు. మార్చాలంటే మళ్ళీ కాంగ్రెసే మార్చాలి.

అందుకని ఇలా చేయండి. మీ పిటిషన్ చెప్పే ఒలింపిక్ అడవి బిల్లు పేరు వైల్డ్ ఒలింపిక్స్. అది 2012 నుంచి నలుగుతోంది, ప్రతినిధుల సభ 2020లో, 2021లో ఇతర బిల్లులతో కలిపి పెద్ద ప్యాకేజీలలో ఆమోదించినా సెనేట్ దాటలేదు. అందులో వైల్డర్‌నెస్ సుమారు 1,26,000 ఎకరాలు. బిల్లుతో పాటు మ్యాప్ ఉంటుంది, దాన్ని తెరిచి మీరు సైకిల్ తొక్కే దారులు గీత లోపల పడ్డాయా, బయట ఉన్నాయా చూడండి. బయటే ఉంటే పిటిషన్‌లో చెప్పిన భయం మీకు వర్తించదు. లోపల పడితే మీ కాంగ్రెస్ సభ్యుడికి, సెనేటర్లకు ఉత్తరం రాయండి. "దారులు మూయొద్దు" అని గాల్లో రాయకుండా దారి పేరు, నంబరు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, గీతను ఎటు జరిపితే సరిపోతుంది అని రాయండి. వాళ్ళ సిబ్బంది దారి నంబరుతో ఉన్న ఉత్తరాన్ని మ్యాప్ పక్కన పెట్టుకుని చదవగలరు. మిగతా గీతకు మద్దతు ఇస్తున్నాం అని కూడా చేర్చండి.

అబ్బాయి కోసం మీకు దగ్గర్లోనే డూతీ హిల్ పార్క్ ఉంది, పిల్లలు నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కాస్త చేయి తిరిగాక టైగర్ మౌంటెన్, రేజింగ్ రివర్ రాష్ట్ర అడవుల్లో సైకిళ్ళ కోసమే వేసిన దారులున్నాయి. నిజమైన అడవి లోతు చూపించాలంటే మిడిల్ ఫోర్క్ స్నోక్వాల్మీ దారి. అక్కడ వేసవిలో సైకిళ్ళకు బేసి తేదీలు మాత్రమే, కాబట్టి క్యాలెండర్ చూసుకుని, నార్త్ బెండ్ రేంజర్ ఆఫీసుకు ఒక ఫోన్ చేసి బయల్దేరండి.