జనమే యజమానులైన ఆసుపత్రి ఎక్కడైనా నిలబడిందా?

ప్రశ్న
చందాలతో కట్టిన ఆసుపత్రులు చాలానే ఉన్నాయి. కట్టాక అవి ఏ ట్రస్టు చేతికో, నలుగురు పెద్దల చేతికో పోతాయి, చందా ఇచ్చినవాళ్ళు మళ్ళీ మామూలు పేషెంట్లే. నేను అడిగేది అలాంటివాటి గురించి కాదు. అక్కడ వైద్యం చేయించుకునేవాళ్ళే కూర్చుని ఫీజు ఎంతుండాలి, కొత్త వార్డు కావాలా వద్దా అని తేల్చుకున్న ఆసుపత్రి ఏదైనా ఉందా? ఉంటే ఎలా మొదలైంది?

జవాబు 1
ఉందండి. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజ్‌హరాలో షహీద్ ఆసుపత్రి. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం వెళ్ళేది అక్కడి గనుల నుంచే. 1977లో కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సొంత యూనియన్ పెట్టుకున్నారు, అదే ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఆ తర్వాత యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక ప్రాణాలు వదిలింది. మన మనుషుల్ని మనమే కాపాడుకోవాలి అన్న పట్టుదల అక్కడ పుట్టింది. 1982 జనవరి 26న చిన్న డిస్పెన్సరీ తెరిచారు, 1983లో సరిగ్గా జూన్ 3న, అంటే ఆ కాల్పుల రోజునే, 15 పడకల ఆసుపత్రి మొదలైంది. షహీద్ అన్న పేరు ఆ చనిపోయినవాళ్ళ గుర్తుగానే. డ్యూటీ దిగి వచ్చిన గని కార్మికులు తమ రెక్కల కష్టంతో దాన్ని కట్టుకున్నారు, బయటి నిధులు వద్దనుకున్నారు. ఎందుకంటే డబ్బిచ్చినవాడి మాటే చివరికి చెల్లుతుంది కదా.

ప్రశ్న అడిగినవారు
చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ డాక్టర్లు? గోడలు శ్రమదానంతో లేస్తాయి, డాక్టర్ ఎక్కడి నుంచి వస్తాడు?

జవాబు 1 రాసినవారు
బినాయక్ సేన్, ఆశిష్ కుందు, శైబాల్ జానా లాంటి యువ డాక్టర్లు వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. వాళ్ళు కార్మిక కుటుంబాల వాళ్ళకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. విరేచనాలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చాలు, ప్రతిదానికీ సూది మందు అక్కర్లేదు అని బస్తీల్లో తిరిగి చెప్పారు. అమ్మకం పెంచుకోవాలనుకునే ఆసుపత్రి ఆ పని చేయదు. 1991 సెప్టెంబర్ 28న నియోగిని నిద్రలో ఉండగా కాల్చి చంపారు, అయినా ఆసుపత్రి మూతపడలేదు.

జవాబు 2
షహీద్ వెనక ఒక యూనియన్ ఉంది, అది లేనిచోట ఏం చేయాలి అని అనుమానం వస్తుంది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని ఎల్క్ సిటీ చూడండి. లెబనాన్ నుంచి వలస వెళ్ళిన మైఖేల్ షాదిద్ అనే డాక్టర్ 1929లో రైతుల్ని కూడగట్టి, 50 డాలర్లకు ఒక వాటా చొప్పున అమ్మి, 1931లో సహకార ఆసుపత్రి తెరిచాడు. అదీ మహా ఆర్థిక మాంద్యం రోజుల్లో! డబ్బు వ్యవహారాలు సభ్యులు ఎన్నుకున్న బోర్డువి, వైద్యం డాక్టర్లది. దీనికి అందరికంటే గట్టిగా అడ్డం పడింది ఎవరంటే తోటి డాక్టర్లే. జిల్లా వైద్య సంఘాన్ని రద్దు చేసి, కొన్ని నెలలాగి షాదిద్ ఒక్కడిని వదిలేసి మళ్ళీ పెట్టుకున్నారు, ఆయన లైసెన్సు పోయేలా చూడటానికీ ప్రయత్నించారు.

ఆయన ప్రసంగం విన్న సియాటెల్‌వాళ్ళు 1947లో గ్రూప్ హెల్త్ కోఆపరేటివ్ అనే సభ్యుల సొంత వైద్య సహకార సంస్థ మొదలుపెట్టారు, అది దాదాపు 70 ఏళ్ళు నడిచింది. చివరికి 2016లో సభ్యులే ఓటు వేసి ఒప్పుకుంటే 2017లో కైజర్ పర్మనెంటే అనే పెద్ద వైద్య సంస్థలో కలిసిపోయింది. నాకైతే ఇది బాధగానే ఉంటుంది. జనం చేతిలో ఉన్నదాన్ని వదులుకునే హక్కు కూడా జనానిదే మరి, మీ ప్రశ్నకు ఇదీ జవాబులో భాగమే.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. వాటా ధర సరే, ఎల్క్ సిటీలో ఒక్కో సభ్యుడికి ఒకే ఓటా, లేక ఎన్ని వాటాలుంటే అన్ని ఓట్లా? నాకు అసలు కీలకం అదే అనిపిస్తోంది, దాని గురించి ముందు చదివి వస్తాను.