నర్సెస్ నోట్స్ మళ్లీ రాయమంటున్నారు, సంతకం పెట్టొచ్చా? (తిరుపతి)

నైట్ డ్యూటీ 517:
పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగాల్సింది, పన్నెండుకు వదిలారు. రూముకొచ్చి అన్నం కూడా తినకుండా ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నా, ఇప్పుడు సాయంత్రం ఐదు. ఏది తెరిచినా అమెరికా రూల్సే వస్తున్నాయి. మన దగ్గర సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

తిరుపతిలో ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. మొన్న రాత్రి డాక్టర్ గారు ఫోన్‌లో ఇంజెక్షన్ చెప్పారు, ఇచ్చాను. పేషెంట్‌కి ఇబ్బంది అయింది. ఇప్పుడేమో కేస్ షీట్‌లో నేను రాసిన పేజీ తీసేసి, కొత్త షీట్ చేతిలో పెట్టి మళ్లీ రాయమంటున్నారు. డాక్టర్ గారు ‘నేను చెప్పలేదు’ అంటున్నారు. రాసి సంతకం పెడితే నాకేమైనా అవుతుందా? పెట్టకపోతే ఉద్యోగం తీసేస్తారా? రేపు పదిలోపల ఇవ్వాలంట. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి, తొందరగా చెప్పండి ప్లీజ్.

పీలేరు ప్లీడరు:
సంతకం పెట్టొద్దు. పేషెంట్ బతికున్నారా? ఏ ఇంజెక్షన్, ఎంత? మొదటి పేజీలో ఏం రాశారు, కొత్తదాంట్లో ఏం రాయమంటున్నారు? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

మేలుకో వినియోగదారుడా:
అమ్మా, దీనికంతటికీ మూలం డాక్టర్ల చేతిరాత. 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. మందు జెనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ లెటర్స్‌లో రాయాలని. ఎవరు రాస్తున్నారు? నేను మూడేళ్లుగా మా ఇంట్లో వాళ్ల చీటీలన్నీ ఫైల్ చేసి పెట్టాను. ఒక్కటంటే ఒక్కటి క్యాపిటల్స్‌లో లేదు. మెడికల్ షాపువాడు ఊహించి ఇస్తాడు, నర్సమ్మ ఊహించి పొడుస్తుంది. ముందు దీని మీద అందరం అర్జీ పెట్టాలి.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
సార్, ఆర్డర్ ఫోన్‌లో వచ్చిందని ఆ పాప రాసింది కదా. ఫోన్‌లో చేతిరాత ఎట్లా కనపడుతుంది?

మేలుకో వినియోగదారుడా:
నేను మూలం గురించి మాట్లాడుతున్నా మేడమ్.

నైట్ డ్యూటీ 517:
సారీ, అవన్నీ రాశాననుకున్నా. ఇన్సులిన్. కాలి పుండుకు డ్రెస్సింగ్ కోసం చేరిన ఆయన, అరవై పైన ఉంటాయి. రాత్రి పదకొండుకు షుగర్ 340. ఫోన్ చేస్తే డాక్టర్ గారు ‘ప్లెయిన్ టెన్ యూనిట్స్ వెయ్’ అన్నారు. వేశాను. రెండున్నరకు ఆయన భార్య వచ్చి లేపింది, ఒళ్లంతా చెమట, దుప్పటి తడిసిపోయి ఉంది, పిలిస్తే పలకడం లేదు. గ్లూకోమీటర్‌లో 42. డ్యూటీ డాక్టర్ వచ్చి 25 పర్సెంట్ డెక్స్‌ట్రోస్ పెట్టారు, తేరుకున్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, ఇడ్లీ కూడా తిన్నారు.

నేను నోట్స్‌లో టైము, డాక్టర్ గారి పేరు, ‘ఫోన్ ఆర్డర్’ అని అన్నీ రాశాను. కొత్త షీట్‌లో ‘డాక్టర్‌ను అడగకుండా స్లైడింగ్ స్కేల్ చూసి ఇచ్చాను’ అని రాయాలంట (షుగర్ ఎంతుంటే ఎన్ని యూనిట్లు వేయాలో ఉండే పట్టిక అది). ఒంటిగంటకు చూసినట్టు, 180 ఉన్నట్టు ఒక రీడింగ్ కూడా వేయమన్నారు. ఒంటిగంటకు నేను చూడలేదు. ఆ టైములో ఇంకో బెడ్ దగ్గర ఉన్నా.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
పాపా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. 340 ఉన్న మనిషి పది యూనిట్లకు మూడున్నర గంటల్లో 42కి రావడం చాలా అరుదు. నువ్వు ఏ సిరంజితో తీశావు? క్యాప్ ఎర్రదా, నారింజదా?

ఫార్మసీ పిల్లోడు:
సిస్టర్ భలే పట్టారు 👀

గోవిందా గోవింద:
దీంట్లో క్యాప్ రంగు ఎందుకు వచ్చింది? లిప్‌స్టిక్ ఏమన్నానా?

ఫార్మసీ పిల్లోడు:
అన్నా, ఇన్సులిన్ బుడ్డీలు మన దగ్గర రెండు రకాలు. ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేది, 100 ఉండేది. సిరంజిలూ రెండు రకాలు. 40కి ఎర్ర క్యాప్, 100కి నారింజ. 100 బుడ్డీలో నుంచి ఎర్ర సిరంజితో ‘10’ గీత దాకా లాగితే లోపలికి పోయేది పావు ఎంఎల్. అంటే 25 యూనిట్లు. రెండున్నర రెట్లు.

(గంటన్నర దాకా జవాబు లేదు.)

నైట్ డ్యూటీ 517:
ఎర్రది.

మా వార్డుకు రోజూ వచ్చేది 40దే. ఆ రోజు సాయంత్రం స్టాక్ అయిపోయిందని పైనుంచి కొత్త బుడ్డీ పంపారు. తెల్లారి ఫ్రిజ్ తెరిచి చూస్తే దాని మీద 100 అని ఉంది. ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదని వాళ్లావిడ అంటూనే ఉంది, నేనే పట్టించుకోలేదు.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
ఏడవకు. మేము రుయా ఆసుపత్రిలో ట్రైనింగ్ అయ్యేటప్పుడు గాజు సిరంజిలు ఉడకబెట్టుకుని వాడేవాళ్లం, అప్పుడూ ఈ తప్పులు జరిగేవి. ఇన్సులిన్ అంటే ఇద్దరు చూడాలి. ఒకరు తీయాలి, ఇంకొకరు బుడ్డీ పక్కన సిరంజి పెట్టి చదవాలి. ఫోన్‌లో చెప్పింది రాసుకుని డాక్టర్‌కే తిరిగి చదివి వినిపించాలి, ‘టెన్, ఒకటి సున్నా’ అని. ముప్పై బెడ్లకు ఒక్కదాన్నే పెడితే ఆ రెండో మనిషి యాడ నుంచి వస్తుందని నువ్వు అడగొచ్చు, అడుగు కూడా. కానీ ఇప్పుడు నీ దగ్గర రెండు విషయాలున్నాయి. సిరంజి పొరపాటు ఒకటి, కొత్త షీట్ ఒకటి. రెండూ కలిపేసుకోవద్దు.

పీలేరు ప్లీడరు:
సిస్టర్ చెప్పింది కరెక్ట్. పేషెంట్ బతికారు కాబట్టి భారతీయ న్యాయ సంహితలో 106, అంటే నిర్లక్ష్యంతో చావుకు కారణమైన సెక్షన్, రాదు. నిర్లక్ష్యంతో ప్రాణానికి అపాయం తెస్తే 125. గాయం కూడా లేకపోతే మూడు నెలల దాకా జైలు లేదా 2,500 దాకా జరిమానా, గాయమైతే ఆరు నెలలు. అది కూడా ఎవరైనా ఫిర్యాదు చేసి, మామూలు పొరపాటు కాదు, ఘోరమైన నిర్లక్ష్యం అని తేలితే. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఆ తేడా చెప్పింది. ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ కేసు అది.

పొరపాటుకు ఇది. కొత్త షీట్ రాశారంటే సంగతి వేరే.

గోవిందా గోవింద:
అంటే ఫోర్జరీ కేసు పడుతుంది. సింపుల్.

పీలేరు ప్లీడరు:
ఫోర్జరీ కాదు. ఇంకొకరు రాసినట్టు నమ్మించడానికి పత్రం తయారు చేస్తే ఫోర్జరీ. తన పేరుతో తాను అబద్ధం రాస్తే దాని పేరు వేరు. రేపు విచారణలో సాక్ష్యంగా పనికొస్తుందని రికార్డులో అబద్ధపు ఎంట్రీ వేయడం 228, తప్పుడు సాక్ష్యం సృష్టించడం. కోర్టు విచారణ కోసమైతే ఏడేళ్ల దాకా. పాత పేజీ దాచేసినవాళ్లకు 238 ఉంది.

గోవిందా గోవింద:
జనం ఫోర్జరీ అనే అంటారు సార్.

పీలేరు ప్లీడరు:
జనం సెక్షన్ వేయరు.

ఫార్మసీ పిల్లోడు:
సార్, ఒక డౌట్. పేషెంట్ చనిపోతే 106లో వైద్యులకు రెండేళ్లే అని విన్నా. నర్సులకూ అంతేనా?

పీలేరు ప్లీడరు:
కాదు. చాలామందికి తెలియని సంగతి. పాత ఐపీసీలో దీనికి 304ఏ ఉన్నప్పుడు అందరికీ రెండేళ్లు. 2024 జులై 1 నుంచి 106 వచ్చింది, అందరికీ ఐదేళ్లు చేశారు. వైద్యం చేస్తూ జరిగితే ఆర్‌ఎంపీలకు మాత్రం రెండేళ్లు. నర్సు ఆర్‌ఎంపీ కిందకు రాదు.

గోవిందా గోవింద:
ఇదేం అన్యాయం సార్! మా ఊళ్లో ఆర్‌ఎంపీ పదో తరగతి తప్పాడు. సెలైన్ పెట్టి పది మందిని పైకి పంపినా రెండేళ్లే, జిఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదివిన పిల్లకు ఐదేళ్లా?

పీలేరు ప్లీడరు:
ఆ ఆర్‌ఎంపీ కాదయ్యా. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. గుర్తింపున్న వైద్య విద్య చదివి, మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు.

గోవిందా గోవింద:
మావాడి బోర్డు మీద కూడా అదే ఉంది.

పీలేరు ప్లీడరు:
బోర్డు ఎవడైనా రాయించుకుంటాడు.

మేలుకో వినియోగదారుడా:
బోర్డు మీద అయినా క్యాపిటల్స్‌లో ఉందిగా, అది మెచ్చుకోవాలి.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
అందరూ కాస్త ఆగండి. పాప రేపు పదికి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

పాపా, కొత్త షీట్ ముట్టుకోవద్దు. తెల్ల కాగితం మీద నీ సొంతంగా ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయి. ఎన్ని గంటలకు ఎంత షుగర్, ఎవరికి ఫోన్ చేశావు, ఏం విన్నావు, ఏ బుడ్డీ, ఏ సిరంజి, ఎంత లాగావు, ఎప్పుడు చెమట పట్టింది, ఎవరొచ్చారు. సిరంజి సంగతి దాచొద్దు. ఒంటిగంటకు చూడలేదు అంటే చూడలేదనే రాయి. ‘అనుకుంటున్నాను’, ‘బహుశా’ వద్దు. నీ నోట్స్‌లో ఏమన్నా తప్పు పడి ఉంటే, వాళ్లు పేజీ తిరిగి ఇస్తే, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి తేదీ, టైము, సంతకం. కొట్టేసిన మాట చదవడానికి రావాలి. వైట్‌నర్ జోలికి పోవద్దు. ఆ రిపోర్ట్ రెండు కాపీలు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకో.

పీలేరు ప్లీడరు:
తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. డాక్టర్‌కు చేసిన కాల్ ఫోన్‌లోని కాల్ లాగ్‌లో ఉంటుంది, పదకొండు గంటలకు. అది స్క్రీన్‌షాట్ తీసుకోండి. వార్డు ల్యాండ్‌లైన్ నుంచి చేశారా, మీ సెల్ నుంచా?

నైట్ డ్యూటీ 517:
నా సెల్ నుంచే. రెండు నిమిషాల పది సెకన్లు ఉంది. అది నాకు తట్టనేలేదు.

గోవిందా గోవింద:
మొదటి పేజీ ఫొటో ఉంటే ఇక్కడ పెట్టమ్మా, అందరం చూస్తాం.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
పెట్టొద్దు! ఆ పేజీ మీద పేషెంట్ పేరు, వయసు, జబ్బు అన్నీ ఉంటాయి. నువ్వు నీ ఉద్యోగం కోసం ఆయన గుట్టు బజారులో పెట్టినట్టు అవుతుంది. అసలు కేస్ షీట్ ఫొటో సొంత ఫోన్‌లో తీసుకోవడమే నాకు నచ్చదు.

పీలేరు ప్లీడరు:
తీసి దాచుకోవడం వేరు, గ్రూపులో పెట్టడం వేరు. పేజీ మాయం చేస్తుంటే ఆమె ఇంకేం చేయాలి?

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
పేషెంట్ వాళ్లు అడిగితే 72 గంటల్లో రికార్డు కాపీ ఇవ్వాలని రూలుంది. దారి అది. ఫోన్‌లో ఫొటో కాదు.

పీలేరు ప్లీడరు:
వాళ్లు అడిగేనాటికి పేజీ ఉండాలి కదా సిస్టర్.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
మీ లాయర్ల లెక్క వేరు, మా లెక్క వేరు. సరే వదిలేయండి. పాపా, ఇంకో మాట. ఇంజెక్షన్ ఎక్కువ పడిందని పేషెంట్ వాళ్లకు చెప్పారా?

నైట్ డ్యూటీ 517:
లేదక్కా. ‘షుగర్ ఉన్నట్టుండి పడిపోయింది, వయసు కదా’ అని చెప్పారు. ఒక రోజు ఐసీయూలో పెట్టి ఆ బిల్లు కూడా వేశారు. వాళ్లది శ్రీకాళహస్తి వైపు పల్లె. ఆవిడ నాకు దండం పెట్టి ‘నువ్వే కాపాడావు తల్లీ’ అంది.

పీలేరు ప్లీడరు:
బిల్లు సంగతి తెలిస్తే పేషెంట్ వాళ్లు రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ఉద్యోగి తప్పుకు ముందు నిలబడాల్సింది హాస్పిటలే. మీ రిజిస్ట్రేషన్ ఏ కౌన్సిల్‌లో ఉంది? రెన్యువల్ ఉందా?

నైట్ డ్యూటీ 517:
కర్ణాటక. కోలార్‌లో జిఎన్‌ఎం చేశా. ఆంధ్రాకు మార్చుకోవాలని అప్లై చేయాలనుకున్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరేటప్పుడే హాస్పిటల్ వాళ్లు తీసుకున్నారు, ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

పీలేరు ప్లీడరు:
ఇది మొదటి పోస్ట్‌లో రాయాల్సిన మాట కదమ్మా.

1998లో స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసులో ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు ఏ కౌన్సిల్‌లోనూ రిజిస్టర్ కాలేదు. కోర్టు అది కూడా హాస్పిటల్ మీదే వేసింది, పరిహారం కట్టించింది. మీది అట్లా కాదు, మీకు కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉంది. అయినా ఇక్కడ పనిచేయడానికి ఆంధ్రా కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకోవాలి, ఆ లోటు వాళ్లు రేపు మీ మీదే వాడతారు. ఒరిజినల్స్ అడుగుతూ రెండో లెటర్ వేరుగా ఇవ్వండి. రిపోర్ట్‌లో కలపొద్దు.

మేలుకో వినియోగదారుడా:
రెండు లెటర్లూ క్యాపిటల్స్‌లో రాయండి.

(మర్నాడు రాత్రి)

నైట్ డ్యూటీ 517:
ఇచ్చానక్కా. మేనేజర్ తీసుకోలేదు, ‘తెలివి ఎక్కువైందే’ అన్నారు. రెండూ స్పీడ్ పోస్ట్ చేశా. కొత్త షీట్ ఖాళీగానే టేబుల్ మీద పెట్టి వచ్చేశా. డ్యూటీకి రావద్దని అయితే అనలేదు, ఈ రోజు కూడా నైటే వేశారు. ఫ్రిజ్‌లో ఆ బుడ్డీ ఇంకా అక్కడే ఉంది, దాని చుట్టూ ప్లాస్టర్ చుట్టి పెద్దగా 100 అని రాశా. థ్యాంక్స్ అందరికీ, హ్యాండోవర్ టైమ్ అయింది.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
మంచి పని చేశావు పాపా. ఆ పెద్దాయన వాళ్లకు ఎవరు చెప్తారు మరి? ఐసీయూ బిల్లు?

ఫార్మసీ పిల్లోడు:
ప్లాస్టర్ ఐడియా బాగుంది. పక్కన నారింజ సిరంజిలు కూడా పెట్టండి.

గోవిందా గోవింద:
మా ఊరి ఆర్‌ఎంపీని అడిగా సార్. తనకు రెండేళ్లేనని గట్టిగా చెప్తున్నాడు.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
పాపా, ఉన్నావా?