రెడీమేడ్ వర్క్‌షీట్లు: టీచర్‌కి సాయమా, పాఠానికి నష్టమా?

కొత్తచాక్‌పీస్
మా స్టాఫ్‌రూమ్‌లో తెగని వాదన ఇది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. నేను ఈ ఏడాదే ఉద్యోగంలో చేరాను. లెక్కలు, సైన్సు నావి. ఎవరైనా సెలవు పెడితే సోషల్ కూడా నా నెత్తినే పడుతుంది. నెట్‌లో దొరికే వర్క్‌షీట్లు, గ్రూప్ యాక్టివిటీలు, ఫ్లాష్ కార్డులు ప్రింట్ తీసి వాడుతున్నాను. ఒక సీనియర్ "టీచర్ అన్నాక తన మెటీరియల్ తనే తయారు చేసుకోవాలి, అరువు పాఠాలేంటి" అంటున్నారు. ఇంకొకరు "ఉన్నది వాడుకో, రాత్రి నిద్రపో" అంటున్నారు. మీరేమంటారు? సూటిగా చెప్పండి, ఏమీ అనుకోను.

సాయంత్రంబెల్
ఆ సీనియర్ గారిని ఒక్క మాట అడగండి: రోజూ చేత్తో పట్టుకుని క్లాసుకెళ్లే పాఠ్యపుస్తకం ఆయన రాసిందేనా? అదీ రెడీమేడే కదా. ఎవరో రాసిన పుస్తకం చెబితే బోధన, ఎవరో చేసిన షీటు ఇస్తే బద్ధకం. ఇదేం న్యాయం?

రోజుకి ఆరు పీరియడ్లు, దిద్దాల్సిన నోట్సులు, మధ్యలో మార్కుల ఎంట్రీ. ఇవన్నీ అయ్యాక హడావిడిగా రాసుకున్న పది ప్రశ్నలు, సొంతవి అయినంత మాత్రాన మంచివైపోవు. పైగా కొన్ని ఒక్క టీచర్ వల్ల అయ్యే పనులు కావు. కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు చూడండి, కంప్యూటర్ తెర మీద కదిలించి చూసే సైన్సు ప్రయోగాలు. అంతకు ముందు ఏడాదే ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. విద్యార్థుల చేత వాడించి, ఎక్కడ తికమకపడుతున్నారో చూసి మార్చుకుంటూ వచ్చిన బొమ్మలవి. లెక్కల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా కూడా అంతే, క్లాసులో వాడుకోవడానికి ఉచితం. అవి పక్కన పెట్టి, బోర్డు మీద సర్క్యూట్ నేనే గీస్తానని పంతం పడితే ఎవరికి లాభం?

లెక్కలపేజీ
సాయంత్రంబెల్ గారూ, ఫెట్‌నీ నెట్‌లో దొరికే ప్రతి పీడీఎఫ్‌నీ ఒకే గాట కట్టకండి. షీటు ఎవరు తయారు చేశారన్నది నాకు పట్టింపు లేదు. అందులో అంకెలు ఎలా ఎంచారన్నదే నా గొడవ.

దశాంశాల షీటు ఒకటి తీసుకోండి. ఏది పెద్దది: 0.75, 0.3? తర్వాత 0.62, 0.4. తర్వాత 0.88, 0.5. పిల్లాడు అన్నీ సరిగ్గా చేశాడు, మీరు పైన స్టార్ పెట్టారు. కానీ వాడి బుర్రలో ఉన్న రూల్ ఏంటంటే, "75 అంటే 3 కన్నా పెద్దది కదా, చుక్క తర్వాత అంకెలు ఎక్కువున్నదే పెద్దది" అని. ఆ తప్పు రూల్‌తోనే షీటు మొత్తం రైట్ వచ్చేసింది. వాడికి 0.6, 0.45 ఇచ్చి చూడండి, 0.45 పెద్దదంటాడు. అలాంటి లెక్క ఆ షీటులో ఒక్కటీ ఉండదు. ఇప్పుడు వాడికి స్టార్ కూడా ఉంది కాబట్టి ఆ రూల్ మీద నమ్మకం ఇంకా పెరిగింది. షీటు ఇవ్వకపోయినా ఇంతకన్నా నయంగానే ఉండేవాడు.

తీసివేతలూ అంతే. 52లోంచి 37 తీసేయమంటే 25 రాసే పిల్లలు మీ క్లాసులోనూ ఉంటారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేస్తారు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే దీని మీద పని చేశారు. ఇలాంటివి చాలావరకు పరధ్యానంతో చేసే తప్పులు కావు, పిల్లలు ఒక తప్పు పద్ధతిని నిక్కచ్చిగా పాటిస్తున్నారు అన్నది వాళ్ల మాట. 58లోంచి 33 లాంటి లెక్కలు ఇరవై ఇచ్చినా ఆ పద్ధతి బయటపడదు. ఎన్ని పేజీలు ప్రింట్ తీస్తే అంత బాగా దాక్కుంటుంది.

అంతా సొంతంగా చేసుకోమని నేననను. ప్రింట్ కొట్టే ముందు పెన్సిల్ పట్టుకుని, తప్పుగా అర్థం చేసుకున్న పిల్లాడిలా ఒకసారి ఆ షీటు చేయండి. అలా చేసినా ఫుల్ మార్కులు వస్తే దాన్ని క్లాసుకి తీసుకెళ్లకండి.

సాయంత్రంబెల్
మంచి పాయింటే, ఒప్పుకుంటాను. కానీ దానికి షీటు పారేయడం ఎందుకు? ఆ లెక్కలు తీసేసి అన్నీ 0.6, 0.45 రకమే పెడితే పోలేదా?

లెక్కలపేజీ
పోదు. అప్పుడు ఇంకో గుంపు తప్పించుకుంటుంది. "పదోవంతు కన్నా వందోవంతు చిన్నది, కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్దది" అనుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి 0.6, 0.45 నల్లేరు మీద బండి నడక. 0.75, 0.3 దగ్గర దొరికిపోతారు. అందుకే రెండు రకాలూ కలిపి పెట్టాలి, మధ్యలో 0.5, 0.50 లాంటిదొకటి పడాలి, కనీసం రెండు లెక్కల కింద "ఎందుకు?" అని ఖాళీ వదలాలి. ఆరు లెక్కలు చాలు. ఇరవై అక్కర్లేదు.

ఇరవై అంటే గుర్తొచ్చింది. అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి వరుసగా లెక్కలు ఇచ్చేకన్నా, సగం చోట్ల పూర్తిగా చేసి చూపించిన లెక్క ఇచ్చి, వెంటనే అలాంటిదే ఒకటి చేయమంటే బాగా పట్టుబడుతుంది. స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు 1985లో ఆల్జీబ్రాలో చేసి చూపించారు. రెడీమేడ్ షీట్లలో చేసి చూపించిన లెక్క ఉంటే పేజీ మొదట్లో ఒకటి ఉంటుంది, అదీ అన్నిటికన్నా తేలికైనది.

చరిత్రబల్ల
లెక్కలవాళ్ల గోల ఒకటైతే మా సోషల్ వాళ్లది ఇంకొకటి. కాలరేఖ యాక్టివిటీ అంటారు, కార్డులు కత్తిరించి వరుసగా అంటించాలి. ఫ్రెంచి విప్లవం ప్యాక్‌లో "1789 మే: ఎస్టేట్స్ జనరల్ సమావేశం", "1789 జులై 14: బాస్టిల్ కోట పతనం", "1793 జనవరి: పదహారో లూయీకి మరణశిక్ష" అని ఏళ్లతో సహా అచ్చు వేసి ఉంటాయి. ఇందులో చరిత్ర ఎక్కడుందండీ? అంకెలు లెక్కపెట్టడం వచ్చిన ఏ పిల్లాడైనా వరుస పెట్టేస్తాడు. నేను ఏళ్లున్న ముక్కని కత్తిరించి పారేసి మిగతాది ఇస్తాను. అప్పుడు "కోట పడిపోయాక రాజు ఎస్టేట్స్ జనరల్ అనే ప్రతినిధుల సభ ఎందుకు పిలుస్తాడు, ఖజానా ఖాళీ అయ్యిందనే కదా ముందు పిలిచాడు" అని కొట్టుకుంటారు. పక్క క్లాసు వాళ్లు వచ్చి గోల తగ్గించమంటారు. ప్యాక్ మాత్రం అదే, కత్తెర ఒక్కటే నాది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది జిగ్‌సా అనే గ్రూప్ యాక్టివిటీ. ఎలియట్ అరాన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టాడు. అప్పుడే తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని ఒకే క్లాసులో కూర్చోబెట్టారు, ఒకరంటే ఒకరికి పడటం లేదు. అందుకని పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరి చేతికి ఒక్క ముక్కే ఇచ్చాడు. ఒకే ముక్క ఉన్నవాళ్లంతా ముందు కలిసి చదువుకుంటారు, తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్లు వెళ్లి మిగతావాళ్లకి చెబుతారు. క్విజ్ మొత్తం పాఠం మీద, ఎవరిది వాళ్లే రాయాలి. పక్కవాడు చెప్పేది వినకపోతే నీకు దారి లేదు. కిటుకంతా అక్కడే ఉంది. డౌన్‌లోడ్ చేస్తే వచ్చేదేంటి? ముక్కలన్నీ ఒకే కాగితం మీద, అందరికీ తలా ఒక కాపీ, చివర్లో గ్రూపుకి ఒక పోస్టర్. ఒకడు రాస్తాడు, నలుగురు స్కెచ్ పెన్నులు తిప్పుతారు. దాని మీద కూడా జిగ్‌సా అనే ఉంటుంది.

మైక్రోస్కోప్‌మూల
సైన్సులో ఒక్కటే చెబుతాను. పువ్వు బొమ్మ, ఎనిమిది గీతలు, కింద డబ్బాలో ఎనిమిది పదాలు. ఆరు తెలిస్తే మిగతా రెండూ ఊహించి పెట్టేస్తారు. డబ్బాలో సంబంధం లేని పదాలు మూడు కలపండి, ఒక పదం రెండు చోట్ల వచ్చేలా చూడండి. అర నిమిషం పని.

స్టార్ రేటింగ్‌లు చూసి దించుకునేవాళ్లకి ఇంకో మాట. అమెరికాలో ఫోర్డ్‌హామ్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్యా పరిశోధన సంస్థ 2019లో టీచర్లు ఎక్కువగా వాడే సైట్ల నుంచి హైస్కూల్ ఇంగ్లీషు మెటీరియల్స్ 300కి పైగా తీసి నిపుణులతో చదివించింది. ఎక్కువ భాగం నాసిరకమనో వాడకపోవడమే మేలనో తేల్చారు. చూడటానికి మాత్రం బాగుంటాయి. నాకు ఆశ్చర్యం లేదు. స్టార్లు ఇచ్చేది టీచర్లు, పీరియడ్ ప్రశాంతంగా గడిస్తే ఐదు స్టార్లు పడతాయి. పిల్లలకి ఏం వచ్చిందో చూసి మళ్లీ వెనక్కి వచ్చి రేటింగ్ మార్చేంత ఓపిక ఎవరికుంది?

రెండోబెంచీ
నేను టీచర్ని కాదు, పేరెంట్‌ని. మా పాప ఫైలు నిండా షీట్లే. అక్షరాల గళ్లలో పదాలు వెతికేవి, రంగులు వేసేవి. అన్నిటికీ టిక్కు. "కిరణజన్య సంయోగక్రియ" అనే మాట గళ్లలో ఎక్కడుందో రెండు నిమిషాల్లో పట్టేసింది. అంటే ఏంటమ్మా అంటే "అది అడగలేదుగా" అంది. ఇది టీచర్ తప్పా, షీటు తప్పా మీరే చెప్పండి.

సాయంత్రంబెల్
రెండోబెంచీ గారూ, ఆ రోజు టీచర్ సెలవులో ఉండి, ఆ సబ్జెక్టు రాని ఇంకొకరు క్లాసులో కూర్చుని ఉండొచ్చు. అన్ని షీట్లూ నేర్పడానికే ఉండవు. కొన్ని ఆ నలభై నిమిషాలు ఎవరూ బెంచీల మీంచి దూకకుండా చూడటానికి. స్టాఫ్‌రూమ్‌లో ఇది అందరికీ తెలుసు, బయటికి చెప్పరంతే.

లెక్కలపేజీ
కూర్చోబెట్టడానికే అయితే నాకేం అభ్యంతరం లేదు. ఆ షీటుని మార్కుల్లో కలపకండి, ఫైల్లో పెట్టి పేరెంట్స్‌కి చూపించకండి. అంత చేతకాకపోతే నెల క్రితం పాఠంలోంచి నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి, పుస్తకం మూసి రాయమనండి. రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు 2006లో చూపించింది ఇదే: మళ్లీ మళ్లీ చదివినదాని కన్నా గుర్తు తెచ్చుకుని రాసినదే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుంది. ప్రింటర్ కూడా అక్కర్లేదు.

కాపీలెక్క
చర్చ దారి తప్పిస్తున్నానంటే క్షమించాలి, కానీ ఈ విషయం ఎవరూ ఎత్తలేదు. "కత్తిరిస్తాను, మారుస్తాను" అంటున్నారు, మార్చే హక్కు ఉందో లేదో చూస్తున్నారా? క్రియేటివ్ కామన్స్ అంటే తయారు చేసినవాళ్లు ముందే అనుమతులిచ్చే లైసెన్స్. ఆ గుర్తు ఉన్నవాటిలో బీవై అంటే తయారు చేసినవాళ్ల పేరు వేస్తే చాలు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఎస్ఏ ఉంటే మీరు మార్చినదాన్ని పంచుకునేటప్పుడు కూడా అదే లైసెన్స్ మీద వదలాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని ఎవరితోనూ పంచుకోకూడదు. ఇప్పుడున్న 4.0 వెర్షన్‌లో అయితే మీ వరకు మార్చుకుని ఉంచుకోవచ్చు. ఏ గుర్తూ లేదంటే ఉచితం అని కాదు, హక్కులన్నీ వాళ్లవే అని. డబ్బు పెట్టి కొన్న ప్యాక్‌లు చాలావరకు ఒక్క టీచర్‌కే ఇస్తారు. వాటిని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లే పిల్లలకి కాపీ కొట్టొద్దని చెబుతారు, అదీ విచిత్రం.

మైక్రోస్కోప్‌మూల
ఇప్పుడు ఏఐ వచ్చాక ఆ బాధ కూడా లేదంటున్నారు కదా, అడిగితే షీటు ఇచ్చేస్తుంది.

లెక్కలపేజీ
ఇస్తుంది. రెండు రకాల తప్పులూ పట్టుకునేలా దశాంశాల లెక్కలు ఇవ్వమని అడగాలంటే ఆ రెండు తప్పులూ ముందు అడిగేవాళ్లకి తెలియాలి. జవాబుల పట్టీ కూడా మీరే చేసి సరిచూసుకోవాలి. తెలిసినవాళ్లకి పని తగ్గుతుంది. తెలియనివాళ్లకి కాగితాలు పెరుగుతాయి.

కొత్తచాక్‌పీస్
అందరికీ థాంక్స్. పెన్సిల్ పద్ధతి రేపటి నుంచే మొదలుపెడతాను. మా సీనియర్ గారికి పాఠ్యపుస్తకం ప్రశ్న వేసే ధైర్యం మాత్రం నాకు లేదు, సాయంత్రంబెల్ గారు వచ్చి అడగాలి. చరిత్రబల్ల గారూ, జిగ్‌సా అసలు పద్ధతిలో చేద్దామనుకుంటున్నాను. నా క్లాసులో 43 మంది, పాఠం ఐదు ముక్కలు. ఎలా కుదురుతుంది? పైగా బెంచీలు నేలకి బిగించి ఉన్నాయి.

చరిత్రబల్ల
ఐదుగురు చొప్పున ఎనిమిది గ్రూపులు, ముగ్గురు మిగులుతారు. మిగిలినవాళ్ల కోసం ఆరో ముక్క సృష్టించకండి. ఒక్కొక్కరిని ఒక్కో గ్రూపులో వేసి, అక్కడ అన్నిటికన్నా పెద్ద ముక్కని ఇద్దరికి కలిపి ఇవ్వండి. సరిగ్గా చదవలేని పిల్లలుంటే ఆ జంటల్లో పెట్టండి. ఒక్కో ముక్కకి ఎనిమిది మంది అవుతారు, ఆ పెద్ద ముక్కకి పదకొండు మంది. అంతమంది ఒకచోట కూర్చుంటే ఇద్దరే మాట్లాడతారు, కాబట్టి నలుగురైదుగురు చొప్పున విడగొట్టండి. ఎవరైనా రాకపోతే, అదే ముక్క చదివిన వేరే గ్రూపు పిల్లాడిని, తన గ్రూపులో చెప్పడం అయ్యాక, పంపి చెప్పించండి. ఐదు ముక్కల్నీ వేరువేరు కాగితాల మీద ప్రింట్ తీయండి, ప్యాక్‌లో ఒకే పేజీగా వస్తే కత్తిరించండి.

బెంచీలు కదలకపోతే ముందు వరసవాళ్లని వెనక్కి తిరిగి కూర్చోమనండి. క్విజ్ అప్పుడు మళ్లీ ముందుకు తిప్పడం మర్చిపోకండి, ఎదురెదురుగా కూర్చుంటే అందరి జవాబులూ ఒకేలా వస్తాయి.