వసంతంలో కుటుంబ విహారానికి, గాలం వేయడానికి వరంగల్ చుట్టుపక్కల ఏ జలాశయం అనువైనది?

ప్రశ్న: హనుమకొండ నివాసి

అందరికీ నమస్కారం. ఉగాది తరువాత, పిల్లలకు ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం కుటుంబమంతా కలిసి నీళ్లున్న చోటికి వెళ్లి రావాలని అనుకుంటున్నాము. మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేశారు. చిన్ననాట ఊరి చెరువులో వెదురు కర్రతో గాలం వేసిన అలవాటు ఆయనకు ఉంది కనుక, ఈ మధ్య మా తమ్ముడు ఆయనకు రీలున్న రాడ్ ఒకటి కొనిపెట్టాడు. దాన్ని వాడే అవకాశం మాత్రం ఇంతవరకు రాలేదు. పాకాల, లక్నవరం, రామప్ప, కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు జలాశయం మా ఆలోచనలో ఉన్నాయి. వీటిలో పిల్లలకు కాలక్షేపం, నాన్నగారికి గాలం, రెండూ ఒకేచోట కుదిరేది ఏది? గాలం వేయడానికి ఎవరి అనుమతి తీసుకోవాలి? ఈ కాలంలో ఏ చేప, ఏ ఎరకు పడుతుంది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.

సమాధానం 1: నర్సంపేట బాట

మీరు అడిగిన రెండు పనులను రెండు చోట్లకు విడదీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ముందుగా పాకాల సంగతి. కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన ఈ సరస్సు విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో నర్సంపేట దాటి అడవిలోకి ప్రవేశించగానే ఆకు రాలిన చెట్ల మధ్య మోదుగులు ఎర్రగా విరగబూసి కనబడతాయి. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు గుట్టల్లో కలిసిపోయినట్లుంటుంది. అయితే సరస్సు చుట్టూ ఉన్నది వన్యప్రాణి అభయారణ్యం కనుక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతించిన పనులే అక్కడ చేయవచ్చు. సందర్శకులు సరదాగా గాలం వేయడం ఆ కోవలోకి రాదు. ఆ నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి కనుక పిల్లలను నీటి అంచుకు పోనీయకండి. పాకాలను కళ్లతో చూసి రండి, రాడ్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

పిల్లల కోసమే అయితే లక్నవరానికి నా ఓటు. ములుగు దాటాక గోవిందరావుపేట మండలంలో గుట్టల నడుమ ఉన్న ఈ చెరువులో దీవులున్నాయి, వాటికి వేలాడే వంతెనలున్నాయి, పర్యాటక సంస్థ పడవలు నడుపుతుంది. ఉదయం తొమ్మిది లోపు చేరుకోగలిగితే ఎండ ముదిరేలోగా పడవ విహారం ముగించుకొని, తిరుగు ప్రయాణంలో పాలంపేటలో రామప్ప గుడినీ, దాని చెరువునూ చూడవచ్చు. 2021లో యునెస్కో వారసత్వ హోదా వచ్చిన తరువాత ఆ గుడికి సెలవు రోజుల్లో రద్దీ పెరిగింది కనుక భోజనం మీరే కట్టుకొని వెళ్లండి. ఇదే దారిలో బొగత జలపాతం కూడా ఉంది కదా అని ఎవరైనా అంటారు. ఎండాకాలం మొదలయ్యాక అక్కడ జలపాతం అనదగినంత నీరు ఉండదు. దానికి వానాకాలంలోనే వెళ్లాలి.

దిగువ మానేరు కరీంనగర్ పట్టణాన్ని ఆనుకొనే ఉంది కనుక వసతికి లోటు లేదు. కట్ట మీద సాయంత్రపు గాలి నిజంగా బాగుంటుంది. అయితే కట్టకు నీడ ఉండదు, మధ్యాహ్నం అక్కడ నిలబడలేరు.

సమాధానం 2: మానేరు తీరం

పై మిత్రుడు విహారం గురించి చెప్పారు కనుక నేను గాలం వరకే పరిమితమవుతాను.

ఈ కాలంలో మన జలాశయాల పరిస్థితిని యాసంగి వరి నిర్ణయిస్తుంది. పొలాలకు తూముల ద్వారా నీరు వదులుతూనే ఉంటారు కనుక మార్చి నుంచి మట్టం దిగుతూ వస్తుంది. వానాకాలంలో దిగువ మానేరు 920 అడుగుల పూర్తి మట్టానికి చేరినప్పుడు నీటి కింద ఉండే శిఖం భూమి ఇప్పుడు వందల గజాల మేర బయటపడుతుంది. చేపకు తిరిగే చోటు తగ్గుతుంది కనుక గాలం వేసేవారికి ఇది అనుకూలమే. ఇబ్బంది ఏమిటంటే, నిరుడు చేప దొరికిన చోటు ఈసారి పొడినేల కావచ్చు. అందుకని వెళ్లగానే గాలం విప్పకుండా కొంతసేపు ఒడ్డు వెంట నడిచి, పాత వాగు పారిన పల్లం ఎటు పోతున్నదో చూసుకోవాలి. నీరు తగ్గినకొద్దీ పెద్ద చేప ఆ పల్లాన్నే పట్టుకొని ఉంటుంది.

ఇక లోతు. బొచ్చె, రవ్వ, మ్రిగాల మూడూ ఒకే చెరువులో పెరిగినా ఒకే అంతస్తులో మేయవు. బొచ్చె నోటిని ఒకసారి దగ్గరగా గమనించండి. కింది దవడ ముందుకు వచ్చి నోరు పైకి తెరుచుకొని ఉంటుంది, ఎందుకంటే అది పైనీటిలో తేలే సూక్ష్మజీవులను తినే చేప. మ్రిగాల నోరు కిందికి తిరిగి ఉంటుంది, అది అడుగున బురదలో వెతుక్కుంటుంది. రవ్వ ఈ రెండింటికీ మధ్యలో తిరుగుతుంది. కనుక బెండుకూ గాలానికీ మధ్య తంగూసు ఎంత వదలాలి అన్నది మీరు ఏ చేపను ఆశిస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా వైపు చాలామంది బెండును ఒకేచోట బిగించి రోజంతా కూర్చుంటారు, చేప లేదని చెరువును తిట్టి పోతారు.

ఎర విషయానికి వస్తే, రవ్వకు తవుడు, దంచిన పల్లి చెక్క, అతుక్కోవడానికి కొంచెం మైదా కలిపి గట్టిగా పిసికిన ముద్ద చాలు. ముద్ద రేగుపండంత ఉండి, గాలం మొనను పూర్తిగా కప్పాలి. నీళ్లలో వేసిన వెంటనే కరిగిపోతే మైదా తక్కువైందని అర్థం, ఎంతసేపటికీ విచ్చుకోకపోతే ఎక్కువైందని అర్థం. అదే తవుడును గాలం వేసే చోట నాలుగు పిడికిళ్లు ముందే చల్లి, అరగంట ఆగి మొదలుపెడితే చేప అక్కడికి అలవాటు పడుతుంది. జెల్లకు, వాలుగకు ఎర్రలు (వానపాములు) గానీ చేప ముక్కలు గానీ కావాలి, అవి సందె చీకట్లోనే కదులుతాయి. బెండు టకటకా ఎగిరిపడుతుంటే పరకలో, జిలేబీ చేపలో ఎరను కొరుకుతున్నాయి, రాడ్ లాగి ప్రయోజనం లేదు. రవ్వ అయితే బెండును నింపాదిగా పక్కకు తీసుకుపోయి ముంచుతుంది, అప్పుడు లాగాలి.

వేళ గురించి ఒక మాట. తెల్లవారకముందే వెళ్లాలని అందరూ చెబుతారు గానీ, నాచు ఎక్కువగా పెరిగిన, లోతు తక్కువ ఉన్న చెరువుల్లో తెల్లవారుజామున నీటిలోని ప్రాణవాయువు అన్ని వేళలకంటే తక్కువగా ఉంటుంది, రాత్రంతా మొక్కలూ చేపలూ దాన్ని వాడుకొని ఉంటాయి కనుక. ఆ వేళ చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ తిరుగుతుందే తప్ప మేత ముట్టదు. పొద్దుపొడిచి వెలుతురు నీటి మీద పడిన తరువాత రెండు మూడు గంటలు, మళ్లీ ఎండ వాలిన తరువాత చీకటి పడేదాకా మంచి సమయం.

సమాధానం 3: మత్తడి గట్టు

నమస్కారం. మాది ములుగు వైపు గ్రామం, చేపలు పట్టడమే మా కుటుంబ వృత్తి. ఎర గురించి, లోతు గురించి పై మిత్రుడు రాసినదంతా సరైనదే. అనుమతి గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు ఇవ్వలేదు, మాకు ముఖ్యమైనది అదే.

చెరువులో నీరు అందరిదీ అయినా, అందులో చేప ఊరికే పుట్టలేదు. బొచ్చె, రవ్వ, మ్రిగాల వానాకాలంలో పారే నీటిలో ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపలు. నిలువ నీటి చెరువులో అవి సంతానం పెంచుకోవు, అందుకే ఏటేటా పిల్లలను తెచ్చి వదలవలసి ఉంటుంది. రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను ఇచ్చే పథకం నడిచింది. అవి చాలనప్పుడు సంఘాలు సొంత డబ్బుతో కొని వదలడం కూడా ఉంది. ఊరి చెరువులను ప్రాథమిక మత్స్య సహకార సంఘాలకు లీజుకు ఇస్తారు, పెద్ద జలాశయాల్లో వేటాడే మత్స్యకారులకు మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది. వానల తరువాత వదిలిన పిల్ల ఎదిగి, నీరు తగ్గి, అలివి వల లాగడానికి వీలయ్యేది సరిగ్గా మీరు విహారానికి రావాలనుకుంటున్న నెలల్లోనే. సంవత్సరం పొడవునా ఎదురుచూసిన పంట అది.

అలాగని గాలం వేసేవారి మీద మాకు కోపం లేదు. ఒక పెద్దమనిషి ఒక రాడ్‌తో కూర్చుంటే చెరువుకు వచ్చే నష్టం ఏమీ ఉండదు. అడగకుండా వచ్చి, ఐదారు రాడ్లు పాతి, సంచులు నింపుకొని, సీసాలు పగలగొట్టి పోయేవారితోనే తగవు. మీరు ముందురోజు ఊరికి ఫోన్ చేయించి, సంఘం అధ్యక్షుడితోనో, కట్ట మీద కాపలా ఉండే మనిషితోనో ఒక మాట చెప్పండి. కొన్ని ఊళ్లలో కొంత రుసుము తీసుకుంటారు, కొన్ని ఊళ్లలో పట్టిన చేపను తూకం వేసి ధర కట్టించుకుంటారు, తెలిసినవారైతే నవ్వి ఊరుకుంటారు. చెరువు పట్టే రోజుల్లో మాత్రం ఎవరినీ రానివ్వరు. ఆ తేదీలు కూడా అప్పుడే తెలుస్తాయి.

నీటి మీద వరుసగా బెండ్లు తేలుతూ కనబడితే అక్కడ వల కట్టి ఉందని గుర్తుంచుకోండి. ఆ దిక్కుకు రాడ్ విసరకండి. గాలం చిక్కుకున్నప్పుడు మీరు తంగూసు తెంపుకొని పోతారు, ఆ గాలం మా వలలో మిగిలి, చీకట్లో వల ఎత్తేవాని చేతికి గుచ్చుకుంటుంది.

కొర్రమట్ట గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. అది మన రాష్ట్ర చేప, ధర కూడా ఎక్కువ, అందుకే గాలం వేసేవారందరి కన్నూ దాని మీదే. నీటిలో ఉన్నా అది పైకి వచ్చి గాలి పీల్చుకోవలసిందే కనుక తామరాకుల మధ్య, గుర్రపుడెక్క అంచున నీరు ఒక్కసారి కదిలి బుడగ లేస్తే అక్కడ కొర్రమట్ట ఉందని తెలుస్తుంది. బతికిన కప్ప పిల్లను గానీ, ఈ మధ్య దుకాణాల్లో అమ్ముతున్న రబ్బరు కప్పను గానీ ఆకుల మీదుగా లాగితే ఎగిరి పట్టుకుంటుంది. కానీ ఎర్రటి సన్నని పిల్లలు గుంపుగా నీటి పైన సుడి తిరుగుతూ కనబడితే దయచేసి అక్కడ ఎర వేయకండి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, పిల్లల మీదికి వచ్చిన దేన్నైనా కరుస్తుంది కనుక సులభంగా పడుతుంది. అది పోయిన పూటలోనే ఆ గుంపును పరకలూ కొంగలూ ఖాళీ చేస్తాయి.

పిల్లలు వస్తున్నారు కనుక ఇంకొకటి. నీరు దిగిన శిఖంలో పైన ఎండి నెర్రెలు విచ్చిన మట్టి గట్టిగా కనబడినా, కింద మోకాలి లోతు బురద ఉండవచ్చు. బర్రెలు నడిచిన దారిలోనే నీటి దగ్గరికి దిగండి. అంతకంటే ప్రమాదకరమైనవి పూడిక తీసిన గుంతలు. మిషన్ కాకతీయలోనూ, ఆ తరువాత పొలాలకు మట్టి తోలుకున్నప్పుడూ చాలా చెరువుల్లో అడుగు ఎగుడుదిగుడు అయింది. మోకాలి లోతు నీటిలో రెండడుగులు ముందుకు వేస్తే నిలువు లోతు వచ్చే చోట్లు ఉన్నాయి. ఈత వచ్చినవారు కూడా తెలియని చెరువులో దిగకూడదు.

హనుమకొండ నివాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సూచనల ప్రకారం పిల్లలతో లక్నవరం, రామప్ప ఒక ఆదివారం పెట్టుకొని, నాన్నగారిని మరొక రోజు మా అమ్మమ్మగారి ఊరి చెరువుకు తీసుకువెళ్లాలని నిర్ణయించాము. అక్కడి సంఘంలో మా మామయ్యకు పరిచయాలున్నాయి, ఆయనతో ముందే మాట్లాడిస్తాను. మరొక సందేహం ఉంది. చేప పడితే, ఈ ఎండలో హనుమకొండ చేరేసరికి పాడవకుండా ఎలా తేవాలి? నాన్నగారు తడిగుడ్డలో చుడితే చాలంటున్నారు.

సమాధానం 3: మత్తడి గట్టు

తడిగుడ్డ కొర్రమట్టకు సరిపోతుంది, అది గాలి పీల్చే చేప కనుక తేమ ఉంటే గంటల తరబడి బతికే ఉంటుంది. రవ్వకు, బొచ్చెకు ఆ పద్ధతి పనికిరాదు, అవి ఒడ్డుకు వచ్చిన కొద్దిసేపటికే చనిపోతాయి. మీరు గాలం వేస్తున్నంతసేపూ వాటిని జాలీ సంచిలో వేసి నీటిలోనే, నీడ పడే చోట ఉంచండి. బయలుదేరే ముందు కడుపు కోసి పేగులు, మొప్పలు తీసివేయండి, వాసన మొదట పుట్టేది అక్కడే. చెరువు నీటితో కాకుండా ఇంటి నుంచి తెచ్చిన మంచినీటితో కడిగి, పొలుసు తీయకుండానే, దంచిన ఐసులో ఒక వరుస ఐసు, ఒక వరుస చేప వచ్చేటట్లు పేర్చండి. ఐసు పెట్టెకు అడుగున కరిగిన నీరు పోయే రంధ్రం తెరిచి ఉంచండి, ఆ నీటిలో నానితే కండ మెత్తబడుతుంది. ఐసు మాత్రం హనుమకొండలోనే కొనుక్కొని బయలుదేరండి, ఎండాకాలం ఊళ్లలో మధ్యాహ్నానికి దొరకదు.